ఎర్ర గచ్చు ఉన్న షెడ్డులో బీరువాకి స్ప్రే పెయింట్ కొట్టాలి, నేల మీద ఏం పరవాలి?

పెరటి షెడ్డు, భీమవరం

అందరికీ నమస్కారం. మా పెరట్లో మావయ్యగారి వడ్రంగం షెడ్డు ఉంది. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. పైన రేకులు, ఇంటి వైపు రెండు రెక్కల తలుపు, వెనక కొబ్బరిచెట్ల వైపు ఒక చిన్న తలుపు. ఆయన పోయాక అందులో చెక్కపని నేనే చేసుకుంటున్నాను. ఇప్పుడు ఇంట్లో ఉన్న పాత ఇనప బీరువాకి రంగు వేయాలి. అది అయ్యాక నాలుగు టేకు కుర్చీలకి లాకర్ (చెక్క మీద కొట్టే పూత) కొట్టాలి. చిన్న కంప్రెసర్, పైన రంగు పోసే కప్పు ఉండే స్ప్రే గన్ను కొన్నాను. బీరువాకి రెడాక్సైడ్ ప్రైమరు, దాని మీద సింథటిక్ ఎనామిల్ అనుకుంటున్నాను.

నా టెన్షనంతా నేల గురించే. షెడ్డులో ఉన్నది పాత ఎర్ర గచ్చు. సిమెంటులో ఎర్ర రంగు కలిపి, తాపీతో నున్నగా రుద్ది వేసింది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే ఇప్పటికీ తలుపు నీడ అందులో కనిపిస్తుంది. మావయ్యగారు దాని మీద రంపం కూడా నేరుగా పెట్టేవారు కాదు, గోనె పట్టా వేసి పెట్టేవారు. ఇలాంటి గచ్చు వేసే మేస్త్రి మా చుట్టుపక్కల ఇప్పుడు దొరకడం లేదు. టైలు పాడైతే ఇంకోటి తెచ్చి వేసుకోవచ్చు. దీనికి అతుకు వేస్తే అది ఎప్పటికీ అతుకులాగే కనిపిస్తుంది.

హార్డ్‌వేర్ షాపులో పల్చటి పాలిథిన్ షీటు పరిచేయమన్నారు. పక్కింటివాళ్ళు పాత పేపర్లు చాలన్నారు. రెండూ నాకు నమ్మకంగా అనిపించలేదు. గన్ను గాలికి అవి లేచిపోవా? పైగా మా అత్తగారు పెరట్లోకి వెళ్ళాలంటే ఆ షెడ్డులోంచే వెళతారు. ఆవిడ కాలు జారకూడదు. ఇంకా పని మొదలుపెట్టలేదు, ముందే అడిగి తెలుసుకుందామని. ఇంట్లో స్ప్రే పని చేసుకునేవాళ్ళు దయచేసి చెప్పండి.

కారు షెడ్డు, గుంటూరు

పాత ఫ్లెక్సీలు వేసుకోండి. ఫ్లెక్సీ షాపులో అడిగితే తప్పు ప్రింటు వచ్చినవి తక్కువకే ఇస్తారు. బరువుగా ఉంటాయి కాబట్టి గాలికి లేవవు. నేను బైకు ట్యాంకులకీ మడ్‌గార్డులకీ కొట్టేటప్పుడు అవే వాడతాను. మాది సిమెంటు నేల.

పాలిష్ పని, రాజమండ్రి

అమ్మా, ఫ్లెక్సీ సిమెంటు నేలకి పర్వాలేదు గానీ మీ గచ్చుకి వద్దు. ఫ్లెక్సీ మీద ఉండేది పీవీసీ పూత. లాకర్‌లో కలిపే థిన్నరు దాని మీద ఒలికితే ఆ పూత మెత్తబడి జిగురుగా అవుతుంది, ప్రింటు రంగు కూడా కరుగుతుంది. కరిగిన రంగు అంచు దాటి గచ్చు మీదకి వచ్చిందంటే మనం కొట్టే ఎనామిల్ కంటే అదే పెద్ద తలనొప్పి.

నేను చిన్నప్పటినుంచీ పాలిష్ పనే చేస్తున్నాను. కొత్త ఇళ్ళలో మేం అడుగుపెట్టేసరికి ఫ్లోరింగ్ అయిపోయి ఉంటుంది. మార్బుల్ మీదో గ్రానైట్ మీదో పాలిథిన్ షీటు పరిచి, దానిపైన పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కలిపి పలచగా పోసి వదిలేస్తారు. రంగులవాళ్ళం, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు అందరం దాని మీదే పని చేసుకుని వెళ్ళిపోతాం. గృహప్రవేశం దగ్గర పడ్డాక దాన్ని పెచ్చులుగా ఊడదీస్తారు. ఆ పీవోపీ మీకు అక్కర్లేదు. షీటుకి చిన్న చిల్లు ఉన్నా ఆ తెల్లనీళ్ళు గచ్చులోకి దిగుతాయి. కానీ అందులో ఉన్న పద్ధతి మాత్రం మీకు కావాలి. కింద తడి దిగనివ్వని పొర ఒకటి, పైన తొక్కుడుకి ఆగి రంగుని పీల్చుకునే పొర ఒకటి. ఈ రెండు పనులూ ఒక్క షీటుతో జరగవు.

పరిచే ముందు చేయాల్సింది ఊడ్చడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. షీటు కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా, దానిపైన మీరు మడమ తిప్పిన ప్రతిసారీ అది గచ్చుని గీస్తుంది. రంగు చుక్క పడుతుందని నాకు భయం లేదు, ఈ ఇసుకంటేనే భయం. చుక్కని తీయొచ్చు, గీతని తీయలేం. మెత్తటి చీపురుతో ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బాగా ఆరనిచ్చి, అప్పుడు అరచేత్తో నేలంతా నిమిరి చూడండి. చేతికి గరగర తగలకూడదు. వడ్రంగం షెడ్డు కాబట్టి రంపపు పొట్టు గోడ మూలల్లో ఉంటుంది, అది కూడా తీసేయండి. లేకపోతే గన్ను గాలికి లేచి తడి రంగు మీద వాలుతుంది.

కింది పొరకి మీ ఊళ్ళోనే మంచి సరుకు ఉంది. రొయ్యల చెరువుల్లో పరిచే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు ముక్కలు అడగండి. మందంగా ఉంటుంది, చిరగదు, థిన్నరు చుక్కలకి కరగదు. చెరువులో వాడి తీసిన ముక్క అయితే మాత్రం రెండు వైపులా శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. మళ్ళీ ఆ ఇసుక భయమే.

దాని మీద అట్ట. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చే పెద్ద అట్టపెట్టెలు విప్పి పరవండి. ఎలక్ట్రానిక్స్ షాపులవాళ్ళు పాత సామానువాళ్ళకి అమ్మే రేటుకే ఇస్తారు. అట్ట రంగుని పీల్చుకుంటుంది, కాలు జారదు, గాలికి లేవదు. అతుకుల మీద వెడల్పాటి బ్రౌన్ టేపు వేయండి. అట్టకీ అట్టకీ మధ్య మాత్రమే టేపు. గచ్చుకి టేపు అంటించకండి, ఎండలకి దాని జిగురు నేల మీదే ఉండిపోతుంది. అంచులు లేవకుండా గోడల పొడుగునా చెక్క బద్దీలు పెట్టండి. ఇటుకలు వద్దు, వాటి పొడి రాలుతుంది.

ఉత్త పాలిథిన్ పైకి ఉంటే ఏమవుతుందో చెబుతాను. పడిన రంగు ఇంకడానికి చోటు ఉండదు. మీరు బీరువా చుట్టూ తిరుగుతుంటే చెప్పు అడుక్కి అంటుకుంటుంది, ఆ చెప్పు గుమ్మం దాటుతుంది. ఆరిన తర్వాత అదే రంగు రేకులు రేకులుగా లేచి, రెండో కోటింగు కొట్టేటప్పుడు గాలికి ఎగిరి తడి ఎనామిల్ మీద కూర్చుంటుంది. అప్పుడు నేలా పోయింది, బీరువా కూడా పోయింది. పేపర్లయితే గన్ను గాలికి లేచి నేరుగా తడి రంగుకే అతుక్కుంటాయి.

నేలంతా కప్పండి, బీరువా కింద ఉన్నంత మేరే కాదు. ఎనామిల్ తుంపర గాలిలో ఆరదు. తడిగానే తేలుతూ వెళ్ళి షెడ్డు చివర ఎక్కడో వాలి అతుక్కుంటుంది. అప్పటికి కంటికి కనిపించదు. మర్నాడు చేత్తో రాస్తే గరుగ్గా తగులుతుంది.

ఇక బీరువా సంగతి. తలుపులు ఊడదీయండి. పైన దూలానికి ఇనప తీగతో వేలాడదీసి కొడితే తుంపర నేల మీదకి కాకుండా పక్కకి వెళుతుంది. వెనక ఒక ప్లాస్టిక్ తెర కట్టి, దాని కింది అంచు అట్ట మీదకి ఒక అడుగు మడత పడేలా వదలండి. తెరకీ అట్టకీ మధ్య సందు ఉంటే తుంపరంతా అందులోంచే గోడ పక్కకి దిగుతుంది. బీరువా పెట్టెని రెండు చెక్క దుంగల మీదకి ఎక్కించండి. కింది అంచు కొట్టేటప్పుడు గన్ను నేలకేసి తిరుగుతుంది కదా, దుమ్ము లేచేదీ అట్ట అంచు లేచేదీ అప్పుడే. ఆ కింది భాగానికి గాలి తగ్గించుకుని మొట్టమొదట కొట్టేయండి.

లోపలి అరలకి స్ప్రే వద్దు. పెట్టె లోపలికి కొడితే గాలి తిరిగి మీ ముఖం మీదకే వస్తుంది, సగం రంగు బయటకి పోతుంది. లోపల బ్రష్షుతో వేసుకోండి, ఎవరూ చూడరు. నేల మీద పడే రంగు ఒక్కసారిగా తగ్గిపోతుంది.

సెల్లార్‌లో చెక్కపని, కూకట్‌పల్లి

మేస్త్రి గారు చెప్పిన దానికి ఒక్కటి కలుపుతాను. ఇదీ నేలకి సంబంధించిన విషయమే. థిన్నరు ఆవిరి, టర్పెంటైన్ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోవు, నేల మట్టాన్నే పరుచుకుని పల్లానికి పాకుతాయి. మేం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్ప్రే కొట్టడం మానేసింది అందుకే. అక్కడ ఆవిరి బయటికి పోయే దారి లేదు. కింద మీటర్ బోర్డులూ లిఫ్టు మోటారూ అన్నీ ఉంటాయి.

మీకు ఎదురెదురు తలుపులు ఉన్నాయి కాబట్టి అదృష్టం. రెండూ బార్లా తీయండి. ఇంటి వైపు తలుపు దగ్గర బయట ఒక టేబుల్ ఫ్యాను పెట్టి మంచి గాలిని లోపలికి తోయండి, ఆవిరి కొబ్బరిచెట్ల వైపు పోతుంది. ఆవిరిని లాగే వైపు మామూలు ఫ్యాను పెట్టొద్దు, మోటారులో నిప్పురవ్వ వస్తే ఆవిరి అంటుకోవచ్చు. కంప్రెసర్ కూడా షెడ్డు బయటే ఉంచి పొడుగు పైపు లాక్కోండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద వదలకండి. దగ్గర్లో గ్యాసు పొయ్యి, దీపం, అగరుబత్తి ఏవీ వెలగకూడదు.

కార్ల షెడ్డుల్లో దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లడం చూసి ఉంటారు. మీరు లోపల చల్లకండి. అట్ట నానిపోతుంది, కరెంటుతో ప్రమాదం. పైగా కుర్చీలకి కొట్టే లాకరు తేమకి తెల్లగా పొగ పట్టినట్టు అయిపోతుంది. కావాలంటే గుమ్మం బయట చల్లుకోండి.

మాస్కు విషయంలో రాజీ పడొద్దు. ఎన్95 రంగు తుంపరని ఆపుతుంది గానీ థిన్నరు ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ (థిన్నరులాంటి వాటి ఆవిరిని పట్టే డబ్బీ) ఉండే మాస్కు తీసుకోండి, దాని ముందు తుంపర కోసం ఫిల్టరు కూడా ఉండాలి. ఎవరైనా టూకే పీయూ (హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురెథేన్ పూత) కొట్టుకోండి అని సలహా ఇస్తే ఇంట్లో వద్దనండి. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఒంటికి పడకపోతే ఉబ్బసం పట్టుకుంటుంది.

పెరటి షెడ్డు, భీమవరం

మేస్త్రి గారూ, కూకట్‌పల్లి అన్నయ్యా, చాలా చాలా థాంక్సండి. రొయ్యల చెరువు షీటు అసలు తట్టలేదు. మా వీధిలోనే ఆక్వా సామాను షాపు ఉంది, రేపే అడుగుతాను.

ఇంకో రెండు సందేహాలు. షీటూ అట్టా వేసేసి, బీరువా అయ్యాక కుర్చీలు అయ్యేదాకా అలాగే ఉంచేయొచ్చా? మధ్యలో నాకు స్కూలు పని ఉంటుంది, వెంటనే కుర్చీలకి దిగలేను. ఇంత చేసినా ఒక చుక్క గచ్చు మీద పడిందనుకోండి, అప్పుడేం చేయాలి? మా వీధిలో ఒకరు బాత్రూం యాసిడ్ పోస్తే పోతుందన్నారు.

పాలిష్ పని, రాజమండ్రి

యాసిడ్ మాట ఎత్తకండమ్మా. గచ్చు అంటే సిమెంటే. యాసిడ్ పడితే నురగ వచ్చి సిమెంటునే తినేస్తుంది. ఆ నునుపు పోయి అక్కడ ఒక గరుకు మచ్చ మిగులుతుంది. బేతంచర్ల బండలకీ, తాండూరు బండలకీ కూడా ఇదే సంగతి, అవీ సున్నపురాళ్ళే. చదివే మిగతావాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి.

తడి చుక్క పడితే గబుక్కున తుడిచేయాలనిపిస్తుంది. తుడిస్తే పావలా అంత చుక్క అరచెయ్యంత అవుతుంది. పాత నూలుగుడ్డ మడిచి చుక్క మీద నొక్కి ఎత్తండి. గుడ్డ మడత మార్చి మళ్ళీ నొక్కండి. రంగు గుడ్డలోకి ఎక్కడం ఆగాక, ఇంకో గుడ్డకి కొంచెం టర్పెంటైన్ తడి చేసి, అంచు నుంచి మధ్యకి తుడవండి. టర్పెంటైన్ నేల మీద పోయకూడదు, గుడ్డకే పెట్టాలి. లాకరు థిన్నరు అసలు వాడకండి. అది రంగుని పలచన చేసి గచ్చు రంధ్రాల్లోకి దింపేస్తుంది. ఆరిపోయాక చూశారంటే, పూర్తిగా గట్టిపడనివ్వండి. హెయిర్ డ్రయరుతో కొంచెం వేడి పెట్టి, ప్లాస్టిక్ స్కేలు అంచుతో పడుకోబెట్టి గీకండి. ఇనప బ్లేడు, లప్పం పట్టీ టైల్స్ మీద పర్వాలేదు గానీ గచ్చు మీద గీత పెడతాయి. చివర్లో ఆ చోట కొబ్బరినూనె చుక్క వేసి మెత్తటి గుడ్డతో రుద్దితే చుట్టుపక్కల మెరుపులో కలిసిపోతుంది. ఏదైనా ముందు మూల ఎక్కడో చేసి చూసుకోండి.

షీటు అలాగే వదిలేయొద్దు. డెల్టా నేలలో పాత ఇళ్ళ కింద నుంచి చెమ్మ పైకి లాగుతూనే ఉంటుంది. గచ్చు బయటికి కనిపిస్తున్నంతసేపూ ఆ చెమ్మ మనకి తెలియకుండానే ఆరిపోతుంది. పైన ప్లాస్టిక్ వేసి ఉంచేస్తే కింద తడి నిలిచిపోతుంది, తీసేసరికి గచ్చు నల్లబడి, ఆరాక తెల్లగా చౌడు కనిపిస్తుంది. బీరువా పని ఉన్నన్ని రోజులు ఉంచండి. ఆఖరి కోటింగు చేతికి అంటకుండా ఆరాక ఎత్తేయండి. కుర్చీలకి మళ్ళీ ఊడ్చి మళ్ళీ పరవండి.

ఎత్తేటప్పుడు ముందు అట్టలు. రంగు పడిన వైపు లోపలికి ఉండేలా మడుస్తూ తీయండి. ఆ తర్వాత షీటు నాలుగు అంచులూ మధ్యలోకి మడిచి మూటలా బయటికి పట్టుకెళ్ళి దులపండి.

కుర్చీల లాకరుకి ఒక తేడా ఉంది. అది గాలిలోనే ఆరిపోయి తెల్లటి పొడిలా రాలుతుంది, గచ్చుకి అంటుకునే భయం తక్కువ. కానీ ఆ పొడి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. దాన్ని పొడిగా ఊడ్చి కుప్ప పెట్టకండి. కొంచెం నీళ్ళు చిలకరించి ఎత్తి, మూతున్న డబ్బాలో వేయండి. మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో నీళ్ళ పొయ్యి కింద అట్టముక్కలు వేస్తుంటారు. లాకరు పడిన అట్ట, ఎనామిల్ పడిన అట్ట పొయ్యిలో పెట్టొద్దని మీ అత్తగారికి కచ్చితంగా చెప్పండి. మంట ఒక్కసారిగా లేస్తుంది, ఆ పొగ కూడా మంచిది కాదు. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలుంటే ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయండి.

గరాజ్ వడ్రంగి, డాలస్

మా గరాజ్‌లో నేల ఎపాక్సీ పూత వేసింది కాబట్టి నాకు గచ్చు దిగులు లేదు గానీ, ఇక్కడ చదివే అమెరికా తెలుగువాళ్ళ కోసం రెండు ముక్కలు. చాలా గరాజ్‌లలో గ్యాసు వాటర్ హీటరు ఉంటుంది, దాని పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. నేల మట్టాన పాకే ఆవిరి గురించి కూకట్‌పల్లి ఆయన చెప్పింది చదివారు కదా. దాన్ని ఆర్పకుండా గన్ను పట్టుకోవద్దు. రెండోది, ఇళ్ళు కట్టేచోట నేల మీద పరిచే ఎర్ర రోజిన్ పేపరు చవకే గానీ తడిస్తే దాని రంగు నేలకి దిగుతుంది. గోధుమరంగు బిల్డర్స్ పేపరు తీసుకోండి. కాన్వాస్ గుడ్డ కూడా బాగుంటుంది, కాలు జారదు. కాకపోతే డబ్బా ఒలికిందంటే గుడ్డలోంచి కిందకి దిగిపోతుంది, దాని అడుగున ప్లాస్టిక్ ఉండాల్సిందే.

పెరటి షెడ్డు, భీమవరం

షీటు దొరికిందండీ. కొత్త చుట్టలోంచి మిగిలిన ముక్క, చెరువులో వాడింది కాదు. షెడ్డు కంటే ఒక అడుగు ఎక్కువే ఉంది, గోడలకి పైకి మడుస్తాను. అట్టపెట్టెలు ఫ్రిజ్ షాపు అబ్బాయి ఆదివారం తెచ్చిస్తానన్నాడు. పని జరిగినన్ని రోజులూ అత్తగారు వంటింటి వైపు నుంచి తిరిగి వెళతానన్నారు. అట్ట పొయ్యిలో పెట్టొద్దన్న మాట కూడా చెప్పేశాను.

గుమ్మం దగ్గర ఏం వేస్తే మంచిదండీ? రంగు అడుగులు ఇంట్లోకి రాకుండా?

పాలిష్ పని, రాజమండ్రి

షెడ్డు లోపలికి ఒక జత పాత చెప్పులు పెట్టుకోండమ్మా. అవి గుమ్మం దాటి బయటికి రాకూడదు, బయటి చెప్పులు లోపలికి పోకూడదు. గుమ్మం లోపలి వైపు తడిపి పిండిన గోనె పట్టా వేసి, షెడ్డులోంచి వచ్చేటప్పుడు దాని మీద నిలబడి చెప్పులు విడవండి. లోపలికి వెళ్ళేటప్పుడు కూడా దాని మీదే తొడుక్కోండి. గోనె కింద షీటు ముక్క ఉండాలి, తడి గచ్చుకి తగలకూడదు. సాయంత్రం ఆ గోనె తీసి బయట ఆరేయండి.

ప్రైమరు కొట్టే ముందు ఒక అట్ట నిలబెట్టి దాని మీద గన్ను సరిచూసుకోండి. ఎనిమిది, తొమ్మిది అంగుళాల దూరంలో పట్టుకుని, గాలి ఎంత తగ్గిస్తే తుంపర ఇంకా సమంగా పడుతోందో చూసి అక్కడే ఆపేయండి. గాలి ఎక్కువైన కొద్దీ రంగు బీరువాకి తగిలి వెనక్కి లేస్తుంది, అదంతా నేలకే చేరుతుంది.